ఇలా అయితే ఏటవుద్ది మాస్టారూ? క్లాసులో, ఇంట్లో పాసిబిలిటీ థింకింగ్ అలవాటు చేసుకోడం ఎలా

ముందే చెప్పేస్తున్నాను, ఇది "నువ్వు గట్టిగా అనుకుంటే కానిదంటూ లేదు" టైపు మోటివేషన్ క్లాసు కాదు. అలాంటివి ట్రైనింగుల్లో మనకి బోలెడు చెప్పారు, చప్పట్లు కొట్టాం, టీ తాగాం, వచ్చేశాం, సోమవారం స్కూలుకెళ్తే బోర్డు అదే, బెంచీలు అవే, వెనక వరసలో కూర్చునేవాడు వెనక వరసలోనే ఉన్నాడు. ఇక్కడ చెప్పబోయేది దానికంటే చిన్న సంగతి, కానీ మర్నాడు పొద్దున్నే క్లాసులో వాడుకోవచ్చు.

బ్రిటన్‌లో అన్నా క్రాఫ్ట్ అని ఒక విద్యా పరిశోధకురాలు ఉండేవారు, 2014లో పోయారు. చిన్నపిల్లల్లో సృజన ఎక్కణ్ణుంచి పుడుతోందో చూస్తూ చూస్తూ ఆవిడ దానికి పాసిబిలిటీ థింకింగ్ అని పేరు పెట్టారు. పిల్ల "ఇదేంటి? దీంతో ఏం చేస్తారు?" దగ్గర ఆగకుండా "దీంతో నేనేం చెయ్యొచ్చు? ఇలా కాకుండా ఇంకోలా ఉంటే?" దగ్గరికి జరగడమే దాని సారం. మహా కవులు, మహా సైంటిస్టుల సృజన గురించి కాదు ఆవిడ చెప్పేది, రోజువారీ బతుకులో మామూలు మనుషులు వాడే చిన్న సృజన గురించి. ప్రశ్న వెయ్యడం, ఆడుకోడం, పనిలో మునిగిపోవడం, ఊహించడం, కొత్తది చెయ్యడం, కొంచెం రిస్కు తీసుకోడం, తన నిర్ణయం తను తీసుకోడం, ఇవన్నీ కలిసే ఉంటాయన్నారు.

మా శ్రీకాకుళం పిల్లలకి ఇది కొత్తగా నేర్పక్కర్లేదు, వాళ్ళ నోట్లోనే ఉంది, "అయితే ఏటవుద్ది మాస్టారూ?" అని రోజుకి ఎన్నిసార్లు అడుగుతారో. మనమే "నోర్ముయ్, పాఠం విను" అని దాన్ని ఆరో క్లాసుకల్లా ఆర్పేస్తాం. కాబట్టి ఇందులో ఎక్కువ భాగం టీచరు మారడం గురించే, పిల్లల్ని మార్చడం గురించి తక్కువ.

మొదటి పని: మీ "కుదరదు"లు రాసుకోండి

పాత నోట్సు వెనక పేజీ ఒకటి చించి ఈ వారంలో మీరు నోటితోనో మనసులోనో అనుకున్న "కుదరదు"లన్నీ రాయండి. ల్యాబ్ లేదు కాబట్టి సైన్సు ప్రయోగాలు కుదరవు, సిలబస్ అవ్వదు కాబట్టి చర్చలు కుదరవు, ఈ బ్యాచ్‌కి చదవడమే సరిగ్గా రాదు కాబట్టి ఆలోచించే ప్రశ్నలు కుదరవు, ఇలా. సిగ్గుపడకుండా రాయండి, ఎవరికీ చూపించక్కర్లేదు. రాశాక ఒక్కోదాని పక్కన ఒకటే ప్రశ్న: ఇది ఎక్కడ రాసుంది?

కొన్ని నిజంగా రాసే ఉంటాయి. పదో తరగతి పబ్లిక్ పరీక్ష టైంటేబుల్ మీ చేతిలో లేదు, ఎఫ్‌ఏ మార్కులు ఎప్పటికి ఎక్కించాలో మీ చేతిలో లేదు, యాప్‌లో హాజరు టైము మీ చేతిలో లేదు. వాటి మీద ఊహలు చేసి లాభం లేదు, అవి గోడలు, గోడ ఎక్కడుందో తెలిస్తే మిగిలిన జాగా ఎంతో తెలుస్తుంది. కానీ చాలావాటికి పక్కన రాయడానికి ఏమీ దొరకదు. బెంచీలు వరసగానే ఉండాలని ఎక్కడ రాసుంది? జవాబు లేచి నిలబడే చెప్పాలని? పాఠం చివర ఉన్న ప్రశ్నలు చివరే అడగాలని? అవి అలవాట్లు. ఇంకొన్ని ఉత్త భయాలు, క్లాసు గోలయిపోతే పక్క క్లాసు మేడం ఏమంటారో, ఎంఈఓ (మండల విద్యాధికారి) గారు అప్పుడే వస్తే ఏమవుద్దో.

పాసిబిలిటీ థింకింగ్‌కి ముడిసరుకు ఈ అలవాట్లే. భయాలతో మొదలెట్టకండి, అవి తర్వాత వాటంతటవే కొంచెం తగ్గుతాయి. ఒక్క అలవాటు తీసుకోండి, ఒక్క క్లాసులో, ఒక్క వారం. అంతే.

అలవాటుని ప్రశ్నించిన టీచరు మన జిల్లాలోనే పుట్టాడు. గిడుగు రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు, ఆ తేదీనే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం, దండ వేస్తాం, ఫొటో తీసి గ్రూపులో పెడతాం. 1880లో పర్లాకిమిడిలో టీచరుగా చేరారాయన. ముఖలింగం గుళ్ళో శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకున్నారు. చుట్టూ కొండల్లో సవర గిరిజనుల పిల్లలు ఉంటే వాళ్ళకి తెలుగు రాకపోతే చదువు రాదని అందరూ అనుకుంటున్న రోజుల్లో, మరి వాళ్ళ మాటలోనే చెప్తే ఏమవుద్ది అనుకుని సవర భాష తనే నేర్చుకుని, దానికి పాఠాలు, వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. పిల్లడికి భాష రాదు అన్న వాక్యాన్ని టీచరుకి పిల్లాడి భాష రాదు అని తిప్పి చూశారు, పనంతా ఆ తిప్పడంలోనే ఉంది. దండ వేసే రోజు ఈ సంగతి పిల్లలకి చెప్తే బాగుణ్ణు.

రెండో పని: పుస్తకంలో ప్రశ్నని తిప్పండి

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటాను ఎందుకంటే అసలు మజా ఇక్కడే. కొత్త పాఠం తయారుచెయ్యక్కర్లేదు, ఉన్న ప్రశ్నకే ఒక మెలిక పెట్టాలి, "ఇది మారితే?", "ఇది లేకపోతే?", "ఇంకో దారి ఉందా?", "జవాబు ఇది అయితే ప్రశ్న ఏమై ఉంటది?" అని. మన ఊరి సరుకుతో చెయ్యండి, పిల్లలకి సగం సంగతి ముందే తెలిసుంటుంది కాబట్టి మాట్లాడతారు.

అరసవల్లి సూర్యదేవుడి గుడి తీసుకోండి. ఏటా మార్చి 9, 10, 11 తేదీల్లోనూ అక్టోబరు 1, 2, 3 తేదీల్లోనూ మబ్బు లేకపోతే పొద్దుటి కిరణాలు స్వామి పాదాల మీద పడతాయని మనందరికీ తెలుసు, చూడ్డానికి జనం ఎలా వస్తారో కూడా తెలుసు. పిల్లల్ని "ఎందుకు పడతాయి?" అని అడిగితే "దేవుడి మహిమ" అనో "ఆర్కిటెక్చర్" అనో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. దాని బదులు ఇలా అడగండి, ఏడాదికి రెండుసార్లే ఎందుకు, ఒకసారో నాలుగుసార్లో ఎందుకు కాదు? తర్వాత క్యాలెండర్ ఇచ్చి మార్చి 10 నుంచి జూన్ 21కి ఎన్ని రోజులో, జూన్ 21 నుంచి అక్టోబరు 2కి ఎన్ని రోజులో లెక్కెట్టమనండి. రెండూ 103. ఆ అంకె రెండోసారి వచ్చినప్పుడు క్లాసులో చిన్న నిశ్శబ్దం వస్తది చూడండి, తర్వాత ఒక్కసారి గోల. సూర్యుడు ఉదయించే చోటు రోజూ కొంచెం ఉత్తరానికి జరిగి జరిగి జూన్ 21న తిరుగుముఖం పడతాడు కాబట్టి వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి అదే చోటు దాటతాడు, అందుకే రెండు.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఆ వెలుతురు వచ్చే దారి సరిగ్గా తూర్పుకే ఉండుంటే ఏ తేదీలు వచ్చేవి? మార్చి 20, 21 చుట్టూ ఒకసారి, సెప్టెంబరు 22, 23 చుట్టూ ఒకసారి వచ్చేవి, పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజులన్నమాట. ఏడాదికి ఒక్కసారే పడాలంటే గుడి ఎటు తిరిగి ఉండాలి? సూర్యుడు వెనక్కి తిరిగే చివర చోటుకే గురిపెట్టాలి. ఇది పుస్తకంలో లేదు, కానీ ఏడో తరగతి పిల్లలు మట్టిబెడ్డతో నేల మీద గీసుకుని దీన్ని పట్టేస్తారు. తర్వాత మీ స్కూలు వరండా స్తంభం నీడ పొద్దున్న ప్రేయర్ టైముకి ఎక్కడ పడుతోందో గోడ మీద సుద్దతో వారానికో గీత గీయించండి, ఖర్చు ఒక సుద్దముక్క. భక్తి ఉన్నవాళ్ళ మనసు నొచ్చుకోకుండా చెయ్యాలనుకోండి, అది ఎలాగూ మనకి తెలిసిందే.

లెక్కలకి కరణం మల్లీశ్వరి గారు ఉన్నారు, ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట ఆవిడది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు, ఒలింపిక్ పతకం సాధించిన మొదటి భారతీయ మహిళ. "మొత్తం ఎంత?" అంటే మూడో తరగతి లెక్క. తిప్పి అడగండి, స్వర్ణం, రజతం వచ్చినవాళ్ళు ఇద్దరూ 242.5 చొప్పునే ఎత్తారు, అలాంటప్పుడు ఒకరికి స్వర్ణం ఇంకొకరికి రజతం ఎలా వచ్చింది? ఏ రూలు ఉంటే న్యాయంగా ఉంటది? పిల్లలు మొదట టాస్ వెయ్యాలంటారు, మళ్ళీ ఎత్తించాలంటారు, ముందు ఎత్తినోళ్ళకి ఇవ్వాలంటారు, ఎవడో ఒకడు "సన్నగా ఉన్నోలికి ఇయ్యాల, ఆలకి కష్టం కదా" అంటాడు, అప్పట్లో రూలు కూడా అదే, శరీర బరువు తక్కువున్నవాళ్ళు ముందు. క్లీన్ అండ్ జెర్క్ చివరి ప్రయత్నంలో మల్లీశ్వరి గారు నేరుగా స్వర్ణానికే గురిపెట్టి 137.5 అడిగారు, కుదరలేదు. 132.5 అడిగుంటే మొత్తం ఎంతయ్యేది, అప్పుడు ఏం జరిగేది, నువ్వయితే ఏం అడిగేవాడివి? ఇక్కడ కూడిక, దశాంశం, రిస్కు, ధైర్యం అన్నీ ఒకే ప్రశ్నలో ఉన్నాయి, సరైన జవాబు ఒకటే అని ఉండదు, కానీ లెక్క తప్పయితే తప్పే. ఈ రెండూ ఒకేచోట ఉండే ప్రశ్న దొరికితే వదలకండి.

సోషల్‌కి తిత్లీ తుఫాను ఉంది, 2018 అక్టోబరు 11న తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి పడగొట్టేసింది. తుఫాను నిర్వచనం, కారణాలు, నష్టాలు అని రాయించేస్తాం. దాని బదులు "కొబ్బరి మొక్క మళ్ళీ కాపుకొచ్చేదాకా ఏళ్ళు పడతది కదా, అందాకా ఆ ఇల్లు ఏం చేసుకుని బతకాలి?" అని అడిగితే పలాస, కవిటి వైపు పిల్లలు మనకంటే బాగా చెప్తారు, అంతరపంటలు, జీడిపప్పు పనికెళ్ళడం, నాన్న వేరే రాష్ట్రం వెళ్ళిపోవడం, అన్నీ వస్తాయి. అందులో కొన్ని మంచి దారులు, కొన్ని వేరే దారి లేక పట్టినవి. ఆ తేడా పిల్లలే చెప్తారు, మనం చెప్పక్కర్లేదు.

వస్తువుతో ఆడించాలంటే ఇంకో పాత ఆట ఉంది, అమెరికాలో గిల్‌ఫర్డ్ అనే సైకాలజిస్టు ఇటుక లాంటి మామూలు వస్తువు ఇచ్చి దీంతో ఎన్ని రకాల పనులు చెయ్యొచ్చో చెప్పమనేవాడు. మనకి ఇటుక ఎందుకు, తాటాకు ఇవ్వండి, కొబ్బరిమట్ట ఇవ్వండి. మొదటి అయిదారు జవాబులు అందరూ చెప్పేవే వస్తాయి, అవి అయ్యాకే అసలువి మొదలవుతాయి, కాబట్టి "చాల్లే" అని తొందరగా ఆపకండి. పొందూరులో ఖద్దరు నేతకి పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారని చెప్పండి, చేప పళ్ళతో పత్తి శుభ్రం చెయ్యొచ్చని మొదట ఎవరికి తట్టిందో గానీ ఆ ఒక్క ఉదాహరణ చాలు, పిల్లల జవాబులు ఎక్కడికో వెళ్ళిపోతాయి.

మూడో పని: అడిగాక నోరు మూసుకోడం

రాయడానికి ఇది ఒక్క లైను, చెయ్యడం మాత్రం చచ్చేంత కష్టం. 1970లలో అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ క్లాసుల్ని టేపులో రికార్డు చేసి విని, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను ఆగి వెంటనే ఇంకొకర్ని అడగడమో తామే చెప్పేయడమో చేస్తున్నారని తేల్చారు. మూడు సెకన్లు దాటి ఆగితే జవాబులు పొడవవుతాయి, "తెలీదు" అనేవాళ్ళు తగ్గుతారు, పిల్లలే ఎదురు ప్రశ్నలు వేస్తారు. మూడు సెకన్లే కదా అనిపిస్తది, క్లాసులో నిలబడి చూడండి, యుగంలా ఉంటది. నేనయితే మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటాను, కొంతమంది కిటికీ దాకా నడిచి వెనక్కి వస్తారు, మీకేది కుదిరితే అది.

అన్నా క్రాఫ్ట్ వాళ్ళు కూడా క్లాసులు గమనించి ఇదే చెప్పారు, టీచరు కొంచెం వెనక్కి తగ్గి నిలబడాలి, నిర్ణయం పిల్లల చేతికివ్వాలి, టైమూ జాగా ఇవ్వాలి అని. వెనక్కి తగ్గడమంటే కుర్చీలో కూర్చుని ఫోను చూసుకోడం కాదులెండి, చూస్తూ ఉండాలి, ఎవరు ఎక్కడ ఇరుక్కున్నారో తెలియాలి, కానీ వెంటనే చెయ్యి పెట్టకూడదు.

జవాబు వచ్చాక కూడా "గుడ్", "వెరీగుడ్" అని వెంటనే అనకండి, అన్నారంటే మిగతావాళ్ళు సరైన జవాబు వచ్చేసిందని ఆలోచన ఆపేస్తారు. "ఊఁ, ఇంకా?" అనండి చాలు.

ఇంకొకటి, పిల్లల మాట సరిచెయ్యకండి, ఆ పదినిమిషాలు మాత్రం. సముద్రం వార పల్లె నుంచి వచ్చే గుంటడు ఒకడు "మాస్టారూ, సందమావ నేకపోతే మా నాన్న ఏటకెల్లగలడా?" అని అడిగితే అందులో పోటుపాటుల పాఠం మొత్తం ఉంది, ఆ టైములో "నేకపోతే కాదు, లేకపోతే అనాలి" అన్నామంటే వాడు మళ్ళీ నోరు తెరవడు. రాసేటప్పుడు ఎలా రాయాలో తెలుగు పీరియడ్‌లో నేర్పుకుందాం. మందస, మెళియాపుట్టి కొండల వైపు పనిచేసేవాళ్ళకి సవర పిల్లలు ఉంటారు, వాళ్ళలో వాళ్ళు సవరలో మాట్లాడుకుని, తర్వాత ఒకరు తెలుగులో చెప్పినా చాలు.

నాలుగో పని: ఊహకి పరీక్ష పెట్టండి

ఇది వదిలేస్తే మిగిలిందంతా ఉత్త కబుర్లే. ఐడియాలు బోర్డు నిండా రాసి ఫొటో తీసుకుని తుడిచేసే యాక్టివిటీలు చాలా చూశాం కదా. ప్రతి ఊహకీ "శుక్రవారంలోపు దీన్ని ఎలా చూడొచ్చు?" అని అడగండి.

ఒక ఉదాహరణ చెప్తాను, ఏ స్కూల్లో అయినా ఉండేదే. మధ్యాహ్న భోజనం బెల్లు కొట్టగానే కుళాయి దగ్గర తోపులాట, చిన్నపిల్లలు తడిసిపోతారు, కొందరు చేతులు కడక్కుండానే కూర్చుంటారు. మామూలుగా మనం ఒక లీడర్ని పెట్టి కర్ర ఇస్తాం. దాని బదులు సమస్యని పిల్లలకిచ్చి రూల్స్ చెప్పండి: డబ్బు ఖర్చు కాకూడదు, కొత్త కుళాయి రాదు, అందరూ కడుక్కోవాలి. ఇలా గోడలు ముందే చెప్తే ఊహలు తగ్గవు, పెరుగుతాయి. తరగతికో బెల్లు వేరుగా కొట్టడం, బకెట్టు మగ్గు పెట్టడం, పాత పీవీసీ పైపుకి కన్నాలు పెట్టి ఒకేసారి పదిమంది కడుక్కోడం, ఒక పిల్లయితే "సెంచాతో తింటే కడగక్కర్నేదు కదా" అంటది, నవ్వండి కానీ బోర్డు మీద రాయండి.

పైపు పెట్టి చూస్తే మొదటి రెండు కన్నాల్లోంచే నీళ్ళు పోతాయి, చివర చుక్క రాదు. ఇది ఫెయిల్ కాదు, పాఠం ఇప్పుడే మొదలైంది. ఎందుకు రాలేదు? వచ్చే నీళ్ళు తక్కువ, మొదటి కన్నాలే తాగేస్తున్నాయి. మొదటి కన్నాలు చిన్నవి చేసి చివరివి పెద్దవి చేస్తే? పైపుని కొంచెం చివరికి వాలిస్తే? నీళ్ళ డ్రమ్ముని ఎత్తున పెడితే ఒత్తిడి పెరుగుద్దా? ఎనిమిదో తరగతి పీడనం పాఠం ఇక్కడే చెప్పేయొచ్చు, మళ్ళీ బోర్డు మీద బొమ్మ గీయక్కర్లేదు. ఒకవేళ చివరికి బకెట్టూ మగ్గే నయం అని తేలినా ఫర్లేదు, తేల్చింది పిల్లలు, మీరు కాదు. కర్ర పట్టుకున్న లీడర్ మాట వినని పిల్లలు తాము తేల్చుకున్న పద్ధతి మాత్రం పాటిస్తారు, కొన్నాళ్ళపాటయినా.

టైమెక్కడిది అంటారా

నిజమే, టైము లేదు. కాబట్టి విడిగా పీరియడ్ పెట్టకండి. పాఠం మొదలెట్టేటప్పుడు అయిదు నిమిషాలు, లేదా వారానికి ఒకసారి శనివారం ఆఖరి పీరియడ్. క్లాసులో ఒక డబ్బా పెట్టండి, బిస్కెట్ల డబ్బా అయినా చాలు, "ఏటవుద్ది" డబ్బా అని పేరు రాయండి, పిల్లలు చీటీల మీద ప్రశ్నలు రాసి వేస్తారు. వంశధార వెనక్కి పారితే ఏటవుద్ది, ఊళ్ళో అందరూ హైదరాబాద్ వెళ్ళిపోతే ఏటవుద్ది, ఆవుకి తెలుగొస్తే ఏటవుద్ది. వారానికి ఒకటి తీసి పాఠానికి కలిపేది ఉంటే కలపండి, లేకపోతే నవ్వుకుని వదిలెయ్యండి. అసలు నోరెత్తని పిల్లలకి ఈ డబ్బా పెద్ద వరం, ముఖ్యంగా ఆడపిల్లలు, ఇంకా అమ్మానాన్నలతో ఇటుక బట్టీలకీ బిల్డింగ్ పనులకీ వెళ్ళి మధ్యలో తిరిగొచ్చిన పిల్లలు. పేరు రాయొద్దని చెప్పండి.

పదో తరగతికి సంక్రాంతి తర్వాత ఇవేమీ పెట్టకండి, అప్పుడు వాళ్ళ మెడ మీద కత్తి ఉంది, మన మెడ మీదా ఉంది. ఆరు, ఏడు, ఎనిమిదిలో చెయ్యండి.

ఇంట్లో

క్లాసులో పిల్లల్ని "ఇంకో దారి ఉందా?" అని అడిగి, ఇంటికొచ్చి సొంత పిల్లతో "పది అయ్యాక ఎంపీసీ, విశాఖలో హాస్టలు, ఇంక మాట్లాడకు" అనే టీచర్లం మనం. కాబట్టి మొదట ఇక్కడే వాడండి. కాగితం మీద దారులు రాయండి, పిల్ల ముందు కూర్చునే రాయాలి: ఊళ్ళోనే ఇంటరు, పాలిసెట్ రాసి పాలిటెక్నిక్, మార్కులు బాగా వస్తే ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ, ఐటీఐ, ఇంకా మనకి తట్టనిది పిల్లకి తట్టిందేమైనా. ఒక్కోదాని పక్కన ఖర్చెంత, రోజు ఎలా గడుస్తది, తర్వాత దారి మారాలంటే మారొచ్చా అని మూడు మాటలు రాస్తే చాలు. మూడోదే ముఖ్యం, ఎందుకంటే వెనక్కి రాగలిగే దారిలో రిస్కు తీసుకోవచ్చు, రాలేని దారిలో నెమ్మదిగా ఆలోచించాలి. నిర్ణయం ఇదే పూట అవ్వాలని లేదు. ఆ చదువుకున్న అక్కో బావో ఎవరైనా ఉంటే ఒక ఆదివారం వాళ్ళింటికి తీసుకెళ్ళి కూర్చోబెట్టండి, ఇది కూడా చిన్న పరీక్షే.

స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలుంటే ఎన్ఎంఎంఎస్ పరీక్ష గురించి ఇళ్ళకి వెళ్ళి చెప్పండి, ఎంపికయితే తొమ్మిది నుంచి ఇంటరు దాకా ఏడాదికి 12,000 రూపాయల స్కాలర్‌షిప్ వస్తది. "చదువు మానిపించి పనికి పంపుదాం" అనుకునే ఇంట్లో అదొక కొత్త దారి, ఊహ కాదు, లెక్క.

డబ్బు విషయంలో కూడా అంతే. ఈఎంఐలు, పండగ ఖర్చు, పెళ్ళి చదివింపులు, అన్నీ "తప్పదు" లిస్టులో ఉంటాయి. మొదటి పనిలో చెప్పినట్టే ఒక్కోదాని పక్కన ఎక్కడ రాసుందో రాయండి, బ్యాంకు వాయిదా రాసే ఉంది, తోటికోడలు పెట్టినంత మనమూ పెట్టాలని మాత్రం ఎక్కడా లేదు. ఇది మా ఆవిడకి చెప్తే "మీరు మీ చెల్లెలింటికి పెట్టింది ఎక్కడ రాసుందో చూడండి ముందు" అంది, దాంతో ఆ చర్చ అక్కడికి ఆగింది.

ఎక్కడ వాడకూడదు

కాళ్ళకి చెప్పుల్లేని పిల్లాడితో "చెప్పులు లేకుండా నడవడంలో మంచేముందో ఆలోచించు" అనడం పాసిబిలిటీ థింకింగ్ కాదు, దుర్మార్గం. లేమిని ఊహతో కప్పెట్టకండి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో నాన్నకో అమ్మకో డయాలసిస్ జరుగుతున్న పిల్లలు క్లాసులో ఉంటారు, "మనకి కిడ్నీ జబ్బు లేకపోతే ఏటవుద్ది" లాంటి ప్రశ్న బోర్డు మీద రాయకండి, వాళ్ళే ఎత్తితే వినండి.

అమ్మాయికి పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేస్తున్నారని తెలిస్తే, పిల్లాణ్ణి ఎవరైనా కొడుతున్నారని తెలిస్తే, అప్పుడు కూర్చుని దారులన్నీ పరిశీలించడాలు లేవు, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యాలి, హెచ్చెం గారికి చెప్పాలి. అలాగే ఎక్కాలు, అక్షరాలు, గుణింతాలు ఊహించి రావు, రోజూ అనాలి, రాయాలి. ఏడెనిమిదులు యాభైఆరు కాకుండా ఇంకేమవ్వొచ్చో అని ఎవరూ అడగక్కర్లేదు. నిజానికి లెక్కలు గట్టిగా వచ్చిన పిల్లలే అరసవల్లి ప్రశ్నలో ఎక్కువ దూరం వెళ్తారు, రాని పిల్ల 103 దగ్గరికే చేరుకోలేదు, కాబట్టి ఇది పునాది చదువుకి పోటీ కాదు.

టీచరు మీద కూడా వాడనివ్వకండి. ఒక్క టీచరుతో అయిదు తరగతులు నడుస్తున్న స్కూల్లో "పాజిటివ్‌గా ఆలోచించండి" అని ఎవరైనా అంటే ఇంకో టీచర్ని అడగడమే సరైన దారి, కాగితం పెట్టాలి, యూనియన్‌లో చెప్పాలి.

స్టాఫ్‌రూమ్ సంగతి

మొదట ఒక్కరే చెయ్యండి, ఎవరికీ చెప్పకండి. నాలుగైదు వారాలయ్యాక పక్క సబ్జెక్టు టీచరు ఒక్కరికి చెప్పండి, చుట్టుపక్కల స్కూళ్ళ టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో మైకు తీసుకుని చెప్తే అదొక ఫార్మాట్ అయిపోయి మర్నాటికి అందరూ రిపోర్టు పంపాలి అంటారు. తనిఖీకి ఎవరైనా వచ్చి క్లాసులో గోలేంటంటే చూపించడానికి ఒక రిజిస్టర్ ఉంచుకోండి, ఎడం పక్క ప్రశ్న, మధ్యలో పిల్లలు చెప్పినవి, కుడి పక్క ఏం చేసి చూశారు, ఏం తేలింది. లెసన్ ప్లాన్‌లో ఆ పాఠం పేరు పక్కనే పేజీ నంబరు వేస్తే సరిపోద్ది. కుడి పక్క గడి రెండు మూడు వారాలు ఖాళీగా ఉందంటే ప్రశ్నలు అడగడం ఒక వారం ఆపేసి, పాతవాటిలో ఒకటి తీసి చేయించండి.